వచ్చే చలికాలపు కట్టెలు

"ఒక్క పది నిమిషాలు ఇవ్వమ్మా. మళ్లీ నీ చేతికే ఇచ్చేస్తాను."

"పది నిమిషాలు కాదు కదా, ముట్టుకోనివ్వను కూడా."

పిహ్లా ఫోను నా జేబులో ఉంది. దాని లాప్‌టాప్ నా బీరువాలో ఉంది. గురువారం నుంచీ ఈ ఇంట్లో ఇదే వరస. అది అడుగుతుంది, నేను కాదంటాను, మా అత్తగారు కెర్త్తు మధ్యలో ఒక పుల్ల వేస్తుంది, మా ఆయన తాపియో కాఫీ కప్పు పట్టుకుని పెరట్లోకి పోతాడు. చావు గురించి మాట్లాడుకునే గుంపులో కూతురు చేరిందని తెలిసినా ఆ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు.

"ఒకరు ఎదురుచూస్తుంటారమ్మా," అంది పిహ్లా.

"తెలుసులే. ఆ నవంబరుగాడేగా?"

దాని మొహం పాలిపోయింది. నాకు కావలసింది అదే. తగిలిందన్నమాట.

గురువారం సాయంత్రం హాల్లో కంప్యూటరు తెరిస్తే ఆ పేజీ కనబడింది. అందరం వాడుకునే కంప్యూటరది. చావాలనుకునేవాళ్లంతా ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకునే చోటు. అసలు పేర్లుండవు, మొహాలుండవు. చూసినవాళ్లెవరో మూయడం మరిచిపోయారు. ఎవరై ఉంటారు? డెబ్భై ఎనిమిదేళ్ల అత్తగారా? ఒక్క వేలితో టైపు చేసే తాపియోనా? మిగిలింది పదిహేడేళ్ల పిల్ల. తిన్నగా దాని గదికి పోయి చేతిలో ఫోను లాక్కున్నాను. అదే గుంపు. దీని పేరు అక్కడ 'పొద్దు'ట. నవంబరు అనేవాడికి ఇంత పొడుగు ఉత్తరం రాస్తోంది. "ఇవాళ్టికి ఉండండి, రేపు మళ్లీ రాయండి" అన్న ముక్క చదివేలోపు ఫోను లాక్ అయిపోయింది.

నేను ఊరుకునే రకమా? నేనూ ఆ గుంపులో చేరాను. 'ఉత్తరగాలి' అని పేరు పెట్టుకున్నాను. రెండు రోజులు వంటా వార్పూ మానేసి చదివాను.

ఏడుపులు, శాపనార్థాలు ఉంటాయనుకున్నాను. అవేవీ లేవు. అందరూ ఒకరినొకరు ఎంతో మర్యాదగా పలకరించుకుంటున్నారు. 'నిద్ర పట్టిందా', 'ఏమన్నా తిన్నారా' అని అడుగుతున్నారు. ఇంట్లోవాళ్లు అడగని ప్రశ్నలన్నీ అక్కడ అడుగుతున్నారు. ఆ మర్యాద చూసే నాకు ఒళ్లు జలదరించింది. మధ్యలో ఎవరో ఒకరు 'ఇంట్లోవాళ్లకి చెప్పకండి, వాళ్లకి అర్థం కాదు' అంటారు. మిగతావాళ్లు దానికి తలలూపుతారు.

ఈ నవంబరు ఎక్కువ రాయడు. రెండు ముక్కలు రాస్తాడు: 'ఇవాళ కూడా చేతులకి పని లేదు' అనో, 'నేను లేకపోతే వీళ్లకి తేలిక' అనో. దానికి మా పిల్ల పేజీలకి పేజీలు జవాబు రాస్తుంది. నాకు అర్థం కాకపోవడానికి నేనేం చంటిపిల్లనా? జాలి పుట్టించి ఆడపిల్లల్ని వలలో వేసుకునే ముదురు ఎవడో. ముందు ఓదార్పులు, తర్వాత రహస్యాలు, ఆ తర్వాత 'నాతోపాటు నువ్వూ రా' అంటాడు. ఇలాంటివాళ్ల గురించి పేపర్లో ఎన్ని చదవలేదు!

అందుకే ఈ పొద్దున కాఫీ దిగేలోపు వాడికి గట్టిగా ఒకటి రాసి పడేశాను. "పోదలుచుకున్నవాడివి నీ దారిన నువ్వు పో. చిన్నపిల్లల ఉసురు ఎందుకు పోసుకుంటావు? నువ్వు లేకపోతే అందరికీ తేలికే" అని. రాశాక రెండు రోజుల తర్వాత మొదటిసారి కాఫీ రుచిగా అనిపించింది.

"అయినా మా కాలంలో ఈ దిగుళ్లు ఎక్కడివి?" అంది అత్తగారు, ఎర్ర అడవిపళ్లలో ఆకులూ పుల్లలూ ఏరుతూ. "దిగులు పడితే పశువులపాకలోకి తోలేవాళ్లు. పేడ ఎత్తాక దిగులూ లేదు, గిగులూ లేదు."

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకుంటారా?"

"నేనేమన్నానే ఇప్పుడు? పిల్ల దొంగ అన్నానా? నువ్వేగా తాళాలేసి కాపలా కాస్తున్నావు, పోలీసమ్మలా."

పిహ్లా నాయనమ్మ వంక చూడలేదు. కిటికీలోంచి పెరట్లోకి చూస్తోంది. అక్కడ తాపియో సౌనాకి, అంటే మా ఆవిరిస్నానాల గదికి, నీళ్లు మోస్తున్నాడు. శనివారం కదా. వాళ్ల నాన్న రెండు బకెట్లు పట్టుకుని వంగి నడుస్తుంటే అడుగడుగూ లెక్కపెడుతున్నట్టు చూస్తోంది. నాకు అదీ అనుమానమే. తండ్రి లోపలికొస్తే బతిమాలి ఫోను ఇప్పించుకుందామని కాచుకుని ఉందనుకున్నాను.

"ఆ ఉత్తరాలు ఎందుకు రాస్తున్నావో చెప్పు. నీకు చావాలని ఉందా? ఉంటే చెప్పు, చంపేస్తాను!"

అనేశాక గాని నేనేమన్నానో నాకే తెలియలేదు. నా నోరు అంతే. పిహ్లాకి నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

"నాకు లేదమ్మా," అంది. "నాకు లేదు."

"మరెవరికి ఉంది?"

అది బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. అచ్చం తండ్రి పోలిక.

అంతలో పక్కింటి అర్వో తలుపు తీసుకుని వచ్చాడు. బూట్లు గుమ్మంలో విప్పి, అడక్కుండానే కాఫీ బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను ఏలకుల రొట్టె ముందు పెట్టాను. ఇంట్లో ఎంత అగ్గి రగిలినా వచ్చినవాళ్లకి కాఫీ పొయ్యకుండా ఉంటామా?

"తాగుతావా అర్వో?"

"తాగొచ్చు, తాగకపోవచ్చు," అంటూనే కప్పు ముందుకు జరిపాడు. మా సావో ప్రాంతపు మనుషులంతా ఇంతే. సూటిగా ఔననీ కాదనీ అంటే నాలుక అరిగిపోతుంది వీళ్లకి.

రొట్టె సగం తిన్నాక వచ్చిన పని చెప్పాడు. "తాపియో కట్టెలు చీల్చే మిషను ఇచ్చాడు గదా. దాని బెల్టు ఒకటి ఎక్కడో అటకమీద ఉందన్నాడు. అది తీసుకుపోదామని."

"మిషను ఇచ్చాడా? ఎరువుకా?"

"ఎరువేంటి? ఉంచేసుకో అన్నాడు. ఇంక తనకి పనిలేదట."

"ఆయనకి నడుం నొప్పిలే," అన్నాను. ఏప్రిల్ నుంచీ ఆ మాటే అనుకుంటున్నాను.

"నడుం నొప్పా!" అర్వో పగలబడి నవ్వాడు. "మొన్న నా పడవ ఒడ్డుకి లాగిందెవరనుకున్నావు? ఒంటిచేత్తో లాగేశాడు ఎద్దులా. అది సరేగానీ విర్పీ, మీ కట్టెల షెడ్డులో కుడి అర ఖాళీగా ఉందేంటి? పైఏడు ఏం కాలుస్తారు, కుర్చీలా?"

ఠంగుమని చప్పుడైంది. అత్తగారి చేతిలోంచి పళ్ల గిన్నె జారి, ఎర్రపళ్లు నేలంతా దొర్లాయి.

"నీ షెడ్డు నువ్వు చూసుకో అర్వో," అంది ఆవిడ. గొంతు కరుగ్గా ఉంది. "తాగావుగా. ఇంక వెళ్లు."

ఊరంతా తిరిగినా ఆవిడ నోటివెంట కాఫీ తాగే మనిషిని వెళ్లమన్న మాట ఎవరూ విని ఉండరు. అర్వో బిత్తరపోయి బూట్లు తొడుక్కున్నాడు. బెల్టు సంగతి మళ్లీ ఎత్తలేదు.

నేను నేలమీద పళ్లు ఏరుతూ ఆవిడ వంక చూశాను. ఈవిడ కూడా ఏదో దాస్తోంది. పొయ్యి పక్కన బుట్ట నిండా కట్టెలున్నా, నెల రోజులుగా రోజూ షెడ్డుకి పోయి వట్టి చేతులతో తిరిగొస్తోంది. ఎందుకత్తయ్యా అంటే 'కాళ్లు ఆడటానికి' అంటుంది. ఈ ఇంట్లో ప్రతివాళ్లూ నా కళ్లు కప్పి ఏదో చేస్తున్నారు, నేనొక్కదాన్నే వెర్రిదాన్ని.

మాకు షెడ్డులో రెండు అరలు. ఎడమ అరలోవి ఈ చలికాలానికి. కుడి అరలోవి వచ్చే చలికాలానికి. వసంతంలో మంచు కరిగీ కరక్కముందే మగవాళ్లు బిర్చి చెట్ల దుంగలు చీల్చి పేర్చేస్తారు. పేర్చిన కట్టెల్ని ఏడాదికి పైగా ఎండనిస్తేగాని పొయ్యిలో పెట్టరు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ కుడి అర ఖాళీగా ఉండటం నేను చూడలేదు. తాపియో కాగితం మిల్లులో పొద్దంతా చాకిరీ చేసిన రోజుల్లోనూ చూడలేదు. మరి మిల్లు మూతపడి ఇంట్లో ఊరికే కూర్చున్న ఏడాది ఎందుకు ఖాళీగా ఉంది? ఆ ముక్క ఒక్క క్షణం మనసులో మెదిలింది. కానీ నా జేబులో పిహ్లా ఫోను ఉంది, నా బుర్రంతా నవంబరుగాడే ఉన్నాడు.

తాపియో లోపలికొచ్చాడు.

"సౌనా వేడెక్కింది. వెళ్లండి."

ఆడవాళ్లం ముందు, ఆయన చివర. మా ఇంట్లో అదీ పద్ధతి.

"నాకు సౌనా వద్దు," అన్నాను.

"నాకూ వద్దు," అంది పిహ్లా.

శనివారం సౌనా వద్దనడం ఈ ఇంట్లో ఎన్నడూ లేదు. ఆయన ఏమన్నా అంటాడేమో, కనీసం విసుక్కుంటాడేమో అని చూశాను. తల ఊపి ఊరుకున్నాడు.

"పిల్ల గురించి నీకు పట్టదా?" నాకు ఒళ్లు మండిపోయింది. "ఎవడో ముక్కూమొహం తెలియనివాడు దాన్ని లాక్కుపోతుంటే నువ్వు నీళ్లు మోసుకుంటున్నావా? తండ్రివేనా నువ్వు?"

"దాన్ని వదిలెయ్ విర్పీ. అది మంచి పిల్ల."

"అంటే నేను చెడ్డదాన్నా?"

"అలా అనలేదు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "అమ్మా, నీ కళ్లద్దాల పుల్ల అతికించాను. కిటికీలో పెట్టాను."

వెళ్తూ వెళ్తూ పిహ్లా తలమీద చెయ్యి వేశాడు. "అమ్మతో గొడవ పడకు," అన్నాడు. అది చటుక్కున ఆయన చొక్కా పట్టుకుంది.

"నాన్నా, తొందరగా వచ్చెయ్యి. సాసేజిలు వేయించి పెడతాను."

"ఊఁ."

తలుపు మూసుకుంది. పిహ్లా ఒక్క ఉదుటున నా మీదికి వచ్చింది. "ఫోను ఇవ్వమ్మా! నీ కాళ్లు పట్టుకుంటాను. రెండు రోజులైంది నేను రాసి!"

"వాడు లేకపోతే చచ్చిపోతావా?"

"నేను కాదు!" అని అరిచింది. "ఎన్నిసార్లు చెప్పాలి, నేను కాదు!"

అంతలో నా ఫోను మోగింది. ఉత్తరగాలికి ఉత్తరం వచ్చింది. నవంబరు రాశాడు. నాకు భలే సంతోషం కలిగింది. దొరికాడు వెధవ. ఇప్పుడు దీని ముందే చదివి వాడి బండారం బయటపెట్టాలనుకున్నాను.

"ఇదిగో, విను నీ నవంబరు ఏం రాశాడో. ఉత్తరగాలి అంటే ఎవరనుకున్నావు? నేనే."

పిహ్లా నా ఫోను అందుకోబోయింది. నేను గొంతు పెంచి చదివాను.

"'ఉత్తరగాలి గారూ, మీరన్నది నిజమే. పొద్దు చిన్నపిల్ల అని నాకు తెలియదు. తెలిస్తే ఒక్క ముక్క రాసేవాణ్ని కాదు. రెండు రోజులుగా కనబడటం లేదు, నా వల్లే అయ్యుంటుంది. నాకూ ఒక కూతురుంది.' చూశావా, కూతురున్నవాడట! సిగ్గుండాలి. 'ఈ ఏడాది నేను వచ్చే చలికాలానికి కట్టెలు కొట్టలేదు. షెడ్డులో కుడి అర వసంతం నుంచీ ఖాళీగా ఉంది. ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని చూశాను. ఇంట్లో...'"

మిగతాది కళ్లతోనే చదివాను. 'ఇంట్లో ఎవరూ అడగలేదు. ఇక ఎవరినీ ఇబ్బంది పెట్టను. సెలవు.'

గుమ్మం పక్కన ఫోన్లు పెట్టే బల్ల వైపు చూశాను. సౌనాకి పోయేముందు అందరం అక్కడే పెడతాం. ఆయన ఫోను అక్కడ లేదు.

"వాడి తొమ్మిదో ఏట వాళ్ల నాన్న కూడా కట్టెలు కొట్టలేదు," అంది అత్తగారు.

ఆవిడ మా ఇద్దరి వైపూ చూడటం లేదు. చేతులకంటిన ఎర్రరసం గౌనుకి తుడుచుకుంటోంది. మామగారు చేపలకి వెళ్లి పడవ బోల్తాపడి పోయాడని ఇన్నాళ్లూ చెప్పింది ఈవిడే. ఏటా సమాధి దగ్గర దీపం పెట్టేటప్పుడు కూడా ఆ మాటే చెప్పింది.

"అర ఖాళీగా ఉండేది ఆ ఏడు కూడా," అంది. "నేను అడగలేదు. రోజూ పోయి చూసేదాన్ని, అడిగేదాన్ని కాదు. ఇప్పుడూ అంతే చేశాను. వెళ్లవే విర్పీ. నీకు పుణ్యముంటుంది, వెళ్లు."

"అమ్మా, ఏం రాశావు నాన్నకి?" పిహ్లా నా భుజాలు పట్టి కుదుపుతోంది. "పొద్దున నువ్వేం రాశావు?"

దాని ఫోను జేబులోంచి తీసి దాని చేతిలో పెట్టాను. "ఒకటి ఒకటి రెండుకి చెయ్యి. అంతా చెప్పు. అంబులెన్సు వచ్చేదాకా ఫోను పెట్టెయ్యకు."

"హాల్లో కంప్యూటర్లో నాన్న మూయని పేజీ కనబడినప్పుడే నీకు చెబుదామనుకున్నాను," అంది అది ఏడుస్తూ, నొక్కుతూ. "నువ్వు అరుస్తావని చెప్పలేదు. అరిస్తే నాన్న అక్కడ రాయడం కూడా మానేస్తాడు. అప్పుడు ఎలా ఉన్నాడో నాకెలా తెలుస్తుంది? అమ్మా, అరవకు. తిన్నగా అడుగు. అడిగినంత మాత్రాన ఎవరూ చావరు, మా స్కూలు నర్సు చెప్పింది. తిన్నగా అడుగు."

పెరడు దాటడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. బంగాళదుంపల మడులు తొక్కుకుంటూ పోయాను. సౌనా ముందుగదిలో ఆయన బట్టలు మడతపెట్టి ఉన్నాయి. ఆ మనిషి జన్మలో చొక్కా మడతపెట్టి ఎరగడు. మడతల మీద ఫోను ఉంది.

సౌనా తలుపుకి గడియ ఉండదు, ఎవరి ఇంట్లోనూ పెట్టరు. తోసుకుని లోపలికి పోయాను.

పైమెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఊపిరి తీస్తున్నాడు. చెంబు నీళ్లలో మునిగి ఉంది, పొయ్యి మీది రాళ్లు పొడిగా ఉన్నాయి. ఆవిరి కోసం వాటి మీద ఒక్క చెంబుడు కూడా పొయ్యలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పొయ్యి వంక చూస్తున్నాడు.

"బూట్లు," అన్నాడు నా కాళ్లు చూసి.

బూట్లతో, కోటుతో, జేబులో ఫోనుతో ఆ వేడిలో పైకెక్కి ఆయన పక్కన కూర్చున్నాను. సౌనాలో గొంతు పెంచకూడదని చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. ఆ అలవాటే ఇవాళ నన్ను కాపాడింది. అరవాలని ఉంది, గుండెల మీద బాదాలని ఉంది. నెమ్మదిగానే అడిగాను.

"వచ్చే ఏడాదికి కట్టెలేవీ తాపియో?"

ఆయన నా బూట్ల వంకే చూస్తున్నాడు.

"కుడి అర ఖాళీగా ఉంది. ఎందుకు కొట్టలేదు?"

"నడుం నొప్పి."

"నీకు నడుం నొప్పి లేదు." ఆయన వైపు తిరిగాను. "చచ్చిపోదామనుకుంటున్నావా?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని అంత సూటిగా నేనేదీ అడగలేదు. పొయ్యిలో కట్టె చిటపటమంది.

"అనుకోవచ్చు," అన్నాడు చివరికి. "అనుకోకపోవచ్చు."

అలవాటైన మాటే. వినగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంత వేడిలో కూడా చెయ్యి చల్లగా ఉంది. విడిపించుకోలేదు.

"ఇవాళ ఒకరు నాతో నిజం మాట్లాడారు విర్పీ," అన్నాడు. ఆయన అంతటి మాట తనంతట తాను అనడం ఎన్నాళ్లయిందో. "ఎవరో తెలియదు. నీ దారిన నువ్వు పో, అందరికీ తేలిక అన్నారు. నాకు కోపం కూడా రాలేదు. ఎవరో ఒకరు పైకి అన్నందుకు హాయిగా అనిపించింది."

నా చేతిలో ఉన్న ఆయన చెయ్యి నాకే బరువైపోయింది. అలా అన్నది నేనే అని చెబితే ఏమవుతుంది? చెప్పకపోతే ఏమవుతుంది? ఆ మాట నిజమనుకుని ఈ మనిషి రేపూ ఎల్లుండీ నా పక్కనే అన్నం తింటాడా?

తలుపు దగ్గర అలికిడైంది. పిహ్లా నిలబడి ఉంది, ఫోను ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని.

"వస్తున్నారు," అంది. "వచ్చేదాకా నీ పక్కనే ఉండమన్నారు నాన్నా."

"ఎవరు?"

అది ఫోను కిందికి దించింది. నాన్న కళ్లలోకి తిన్నగా చూసింది.

"నాన్నా, పొద్దు నేనే."

తాపియో దాన్ని కిందనుంచి పైదాకా చూశాడు, ఇప్పుడే పుట్టిన పిల్లని చూసినట్టు. ఆ తర్వాత నెమ్మదిగా, భయంగా నా వైపు తిరిగాడు.

పిహ్లా కూడా నన్నే చూస్తోంది.

"ఉత్తరగాలి ఎవరో నువ్వు చెప్తావా అమ్మా? నన్ను చెప్పమంటావా?"